గోడలోంచి కూనిరాగం

హామిల్టన్,
6 అక్టోబర్ 2024

అత్తయ్యా,

చేత్తో తెలుగు రాసి ఎన్నేళ్ళయిందో. "ఫోన్లో నీ మాట నాకు వినపడదు, ఆ తెర మీద అక్షరాలు చీమల్లా పాకుతాయి, నాతో మాట్లాడాలంటే కాగితం మీద మాట్లాడు" అని మహీధర్ బావ చేత మెసేజ్ పెట్టించావు కదా. ఇదిగో, మాట్లాడుతున్నాను. ఒత్తులు తప్పితే నవ్వుకో, దిద్ది మాత్రం వెనక్కి పంపకు.

కొత్తింట్లోకి వచ్చి నెల దాటింది. కొత్త అని మేం అనడమే గాని ఇల్లు చాలా పాతది. ఒకప్పుడు స్టీల్ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు కట్టుకున్న ఎర్ర ఇటుకల ఇళ్ళ వీధి. మెట్లెక్కితే ఇల్లంతా మూలుగుతుంది. వంశీ పొద్దున్నే ట్రైన్‌లో టొరంటో వెళ్ళి చీకటి పడ్డాక వస్తాడు. నేను ఫిజియోథెరపీ లైసెన్స్ పరీక్షకి చదువుకుంటూ రోజంతా ఒక్కదాన్నే. వంశీ సంగతి నీకు తెలుసుగా, ఎవరైనా పలకరిస్తే తప్ప నోరు విప్పడు. ఇంతవరకూ మా గడప తొక్కింది డెలివరీ వాళ్ళే.

అసలు సంగతి చెప్తాను. వంటింట్లో సింక్ వెనక గోడ ఉంది. సాయంత్రం వెలుగు తగ్గే వేళ నేను గిన్నెలు కడుగుతుంటే ఆ గోడలోంచి ఎవరో ఆవిడ కూనిరాగం తీస్తుంది. పాట కాదు, మాటల్లేవు. కూర తరుక్కుంటూ, ఏదో ఆలోచనలో పడి, మనకి తెలియకుండానే తీస్తాం చూడు, అలాంటిది. మధ్యలో ఒకచోట కాస్త పైకి వెళ్ళి, మర్చిపోయినట్టు ఆగి, గుర్తొచ్చి నవ్వుకున్నట్టు మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ ఒక్క చోటు కోసం రోజంతా ఎదురు చూస్తున్నాను. మొదటిసారి విన్నప్పుడు చేతిలో గరిట అలాగే పట్టుకుని నిలబడిపోయాను. భయం వేయలేదు. ఈ వీధిలో నా పేరు తెలిసినవాళ్ళు లేరు, కానీ ఆ కాసేపూ ఒక ఆడతోడు ఉన్నట్టుంటుంది.

వంశీకి ఇంకా చెప్పలేదు. చెప్పబుద్ధి కావడం లేదు. ఎందుకో నువ్వే చెప్పు.

మోకాలు ఎలా ఉంది? నేను చెప్పిన ఎక్సర్‌సైజులు చేస్తున్నావా, చేస్తున్నానని బావకి చెప్తున్నావా?

నీ
ధరణి


వాంకూవర్,
16 అక్టోబర్

ధరణికి, నీ అత్త కిటికీ పక్కన కూర్చుని కళ్ళజోడు తుడుచుకుని రాస్తున్నది.

చేతిరాత అచ్చం మీ నాన్నదే, అవే వంకర కకారాలు. చూడగానే మా అన్నయ్యే రాశాడనుకున్నాను. మోకాలు బాగానే ఉంది. ఎక్సర్‌సైజుల గురించి ఇక అడగనని మాటిస్తే ఇంకా బాగుంటుంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. రాత్రంతా చప్పుడుకి నిద్రలేదని మహీధర్ అంటాడు. నాకు అద్దం మీద నీళ్ళు జారడం కనిపిస్తుంది, అంతే. చెవులు ఒక్కసారిగా పోలేదే పిల్లా. ముందు పిట్టలు పోయాయి. తర్వాత కుక్కర్ కూత. ఆ తర్వాత మహీధర్ తలుపు తాళం తిప్పే చప్పుడు. వాడు చెవికి మిషన్ పెట్టించాడు గాని, దాంట్లో మనుషులూ మోటార్లూ ఒకేలా గరగరమంటారు, తీసి డబ్బాలో పడేశాను. ఇప్పుడు మా మధ్య ఫ్రిజ్ మీద ఒక తెల్లబోర్డు. వాడు రాస్తాడు, నేను అరుస్తాను.

నీ పక్కింటావిడ సంగతి నాకు తెగ నచ్చింది. గోడకి అవతల ఒక మనిషి పాడుకుంటూ పని చేసుకోవడం, ఇవతల నువ్వు వినడం, ఎంత బాగుంది! ఇటలీ ఆవిడా, చైనా ఆవిడా? ఒకరోజు కాఫీకి పిలువు. మొహమాటపడకు, ఈ దేశంలో ముందు మనమే తలుపు తట్టాలి.

మీ ఆయనకి చెప్పకపోవడం ఏం విడ్డూరమే? కొత్త ఊళ్ళో ఇద్దరూ కలిసి మురిసిపోవడానికి ఒక్కటైనా ఉండొద్దూ? ఇవాళే చెప్పు. సంతోషాన్ని ఒక్కదానివే దాచుకుని ఏం చేసుకుంటావు?

జలుబు చేయకుండా చూసుకో.

అత్త చాముండేశ్వరి


హామిల్టన్,
4 నవంబర్ 2024

అత్తయ్యా,

కాఫీకి పిలవమన్నావు చూడు, ఎంత నవ్వానో. పిలిస్తే ఎటు నుంచి వస్తుందో మరి!

నువ్వు చెప్పావని వంశీకి చెప్పాను. ముందు నమ్మలేదు. ఒకరోజు ఇంటి నుంచే పని పెట్టుకుని సాయంత్రం నాతోపాటు వంటింట్లో నిలబడ్డాడు. నేను గిన్నెలు కడుగుతున్నాను. మొదలైంది. వంశీ మొహం తెల్లబోయింది, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పైకి వెళ్ళి ఆగే చోటు వచ్చేసరికి నా చెయ్యి పట్టుకున్నాడు, నా చేతులకి సబ్బు నురగ ఉందని కూడా చూడలేదు. లైటు వేయకుండా చీకట్లో చాలాసేపు అలాగే కూర్చున్నాం. పెళ్ళయ్యాక మేం అంతసేపు ఊరికే కూర్చోవడం అదే మొదలు. నువ్వు చెప్పింది నిజమే.

దీపావళికి వంశీ వాళ్ళ ఆఫీసులో శ్రీరామ్, అతని భార్య అమృత, ఇంకో రెండు కుటుంబాలు వచ్చారు. వంశీయే పిలిచాడు! వంట చేసింది కూడా తనే, సగం మాడ్చాడు. వెలుగు తగ్గుతుంటే అందరినీ వంటింట్లో నిలబెట్టి "ష్" అన్నాడు. పెద్దవాళ్ళు, పిల్లలు, ఒక్కరు కదల్లేదు. అయిపోయాక అమృత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మా అమ్మమ్మ పక్కలో పడుకున్నట్టుంది" అంది. వెళ్తూ వెళ్తూ ప్రతివాళ్ళూ మళ్ళీ రావచ్చా అని అడిగారు. ఆ రాత్రి వంశీ నిద్రపోలేదు. "మనింటికి మనుషులొచ్చారు ధరణీ" అని పదేపదే అన్నాడు.

నిన్న గడియారాలు గంట వెనక్కి తిప్పాం. ఆవిడకి గడియారంతో పనిలేదు. వెలుగు తగ్గగానే మొదలు.

ధరణి


వాంకూవర్,
13 నవంబర్

నా తల్లికి,

నీ ఉత్తరం చదివి మహీధర్‌కి స్వీట్ చేసి పెట్టాను. ఎందుకమ్మా అని బోర్డు మీద రాశాడు. ధరణి ఇంటికి మనుషులొచ్చారు అన్నాను. వాడికి అర్థం కాలేదు. పుట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాడు, మనుషులు రాకపోవడం అంటే ఏంటో వాడికేం తెలుసు.

ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకు. పాడిన ఆవిడకి ఏమిచ్చారు? ఉత్తరమంతా వెతికాను, వాళ్ళు విన్నారు, వీళ్ళు ఏడ్చారు అని రాశావే గాని ఆవిడకి ఒక పళ్ళెంలో నాలుగు మిఠాయిలైనా పెట్టి ఇచ్చినట్టు రాయలేదు. ఆవిడ తనకోసం తను పాడుకుంటోంది. మీరు పదిమంది చెవులొగ్గి నిలబడ్డారు. ఆవిడకి తెలుసా? తెలిస్తే సరే అందా? గొంతు కూడా ఒంట్లో భాగమే పిల్లా, దానికీ అలుపుంటుంది. ఈసారి జనాన్ని పిలిచేముందు ఆవిడని అడుగు.

తపాలావాళ్ళు సమ్మె చేస్తారంటున్నారు. దానికంటే ముందే ఇది నీకు అందితే బాగుండు.

అత్త


హామిల్టన్,
8 డిసెంబర్ 2024

అత్తయ్యా,

నీ దగ్గర నుంచి జవాబు లేదు. సమ్మెలో ఎక్కడో ఆగిపోయి ఉంటుంది. ఇది కూడా రాసి పెట్టుకుని, పోస్టాఫీసు తెరిచాక పోస్టు చేస్తాను. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేకపోతున్నాను.

ఇప్పుడు ప్రతి శనివారం మా ఇంటి ముందు కార్లు. తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు, టొరంటో పక్కన ఎటోబికో నుంచి కూడా వస్తున్నారు. వంశీ ఒక కొత్త సంగతి కనిపెట్టాడు. వెలుగు తగ్గడం కాదట, కుళాయి నీళ్ళు, గిన్నెల చప్పుడు వినిపిస్తే చాలట. మధ్యాహ్నమైనా సరే. నేను కుళాయి తిప్పి రెండు పళ్ళేలు తాకిస్తే మొదలవుతుంది. ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం ఇంకోసారి. హైదరాబాద్‌లో వంశీ చెల్లెలికి వీడియో కాల్‌లో ఇంకోసారి. శుభ్రంగా ఉన్న పళ్ళేల్నే మళ్ళీ మళ్ళీ కడుగుతున్నాను అత్తయ్యా. ఏ వేళ కుళాయి తిప్పినా పలుకుతుంది, పిలిస్తే పరిగెత్తుకొచ్చే పనిమనిషిలా.

వంశీ రికార్డ్ చేసి అలారం పెట్టుకున్నాడు. పొద్దున్నే అది మోగుతుంది, తను చేయి చాపి నొక్కేస్తాడు.

రాగం మారింది. ముందు లేని తొందర వచ్చింది. పైకి వెళ్ళి ఆగే చోటు ఉంది కదా, అక్కడ ఆగడం లేదు. ఎవరో తరుముతున్నట్టు దాటేస్తోంది. పోయిన శనివారం అది వినిపిస్తుండగానే ఇద్దరు మార్ట్‌గేజ్ రేట్ల గురించి మాట్లాడుకున్నారు. శ్రీరామ్ పకోడీ నములుతూ "సేమ్ టు సేమ్, పోయినసారిదే కదా" అన్నాడు. అమృత ఫోన్ చూసుకుంటోంది.

కానీ వాళ్ళననడానికి నాకేం హక్కుంది? మంగళవారం నేనొక్కదాన్నే ఉన్నాను. ఎవరూ లేరు. మామూలుగా సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే మొదలైంది. అబ్బా, మళ్ళీనా అనిపించింది నాకు. పక్కనే ఉన్న మిక్సీ వేశాను. ఖాళీ మిక్సీ. అది ఆపాక చూస్తే రాగం మధ్యలో తెగిపోయి ఉంది. మాట్లాడుతున్న మనిషి మొహం మీద తలుపు వేసినట్టు. "లేదు, లేదు, పాడు" అన్నాను గోడతో. వెంటనే మొదటి నుంచి మొదలుపెట్టింది. అంత విధేయంగా.

అది విన్నాక మాత్రం భయం వేసింది.

ధరణి


వాంకూవర్,
29 డిసెంబర్

ధరణీ,

సమ్మె అయ్యాక నీ ఉత్తరం చేరింది. చదివి, నీ పాత ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను. 'గోడలోంచి' అని రాశావు నువ్వు. నేను గోడ అవతలి నుంచి అని చదువుకున్నాను. మూడు నెలలుగా నేను మీ పక్కింటావిడని ఊహించుకుంటున్నాను. తెల్లజుట్టు, ఏప్రన్, వాళ్ళాయన ఫ్యాక్టరీలో పనిచేసి పోయాడని కూడా అనుకున్నాను. మీ పక్కన ఇల్లే లేదని మహీధర్ కంప్యూటర్లో మీ వీధి ఫోటో తీసి చూపించాడు. ఖాళీ జాగా, గడ్డి.

నీకు ఒంట్లో బాగుందా? చలికాలంలో ఎండ లేక ఒంటరి ఆడవాళ్ళకి ఇలా అవుతుందట, దీపంలాంటిది ముందు పెట్టుకుని కూర్చోవాలట, మహీధర్ రాసి చూపించాడు. డాక్టర్‌ని కలువు. లేదా కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చెయ్యి. వంశీని నేను అడుగుతాను. పిచ్చిపిల్లా, ముందే ఎందుకు గట్టిగా చెప్పలేదు?

నిద్రపోతున్నావా? తింటున్నావా?

అత్త


హామిల్టన్,
20 జనవరి 2025

అత్తయ్యా,

నాకు పిచ్చి లేదు. ఇరవైమంది విన్నారు. వాళ్ళందరికీ ఎండ తక్కువైందా? నీకు కూడా ఇలాగే అనిపిస్తే నేనింకెవరికి రాయను?

కోపంతో ఉత్తరం ఆపేద్దామనుకున్నాను. కానీ నవంబర్లో నువ్వు రాసింది కూడా క్రిస్మస్ ముందే చేరింది. 'గొంతుకీ అలుపుంటుంది, ఆవిడని అడుగు' అని. పక్కింటావిడ అనుకుని రాసినా, మా అందరిలో ఆవిడని మనిషిగా చూసింది నువ్వొక్కదానివే. అందుకే రాస్తున్నాను.

కొత్త సంవత్సరం పార్టీకి ఇల్లు నిండింది. వంశీ సైగ చేశాడు, నేను కుళాయి తిప్పాను. గదిలో ఒక్కరూ మాట ఆపలేదు. శ్రీరామ్ ఫోన్లో దాని రికార్డింగ్‌కి డ్రమ్స్ కలిపి పెట్టుకున్నాడు. అది స్పీకర్లో వేశాడు. అందరూ నవ్వి డాన్స్ చేశారు. గోడలో ఆవిడ పాడుతూనే ఉంది. ఎవరూ ఆపమనలేదు కదా, నేను కుళాయి కట్టేసినా ఆపలేదు. అందరూ వెళ్ళిపోయారు. పాడుతూనే ఉంది.

ఆ తర్వాత పదిరోజులూ అంతే. పగలు, రాత్రి. రాగం కూడా పోయింది, ఒకే చిన్న ముక్క, తిరిగి తిరిగి. గొంతు బొంగురుపోయి, చివరికి ఉత్త గాలి. వచ్చేవాళ్ళు రావడం మానేశారు. వంశీ చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నాడు. ఇల్లు అమ్మేద్దామన్నాడు. ఇంటి నుంచే పని చేస్తున్న ఒక పొద్దున, ఆఫీస్ మీటింగ్ మధ్యలో లేచొచ్చి అరచేత్తో గోడ మీద కొట్టి "షటప్! ఇక చాలు!" అని అరిచాడు.

ఆగిపోయింది.

వంశీ అక్కడే నిలబడి తన చేతిని చూసుకున్నాడు. "నిజంగా ఆపేసింది" అన్నాడు, చిన్నపిల్లాడిలా. సాయంత్రం క్షమించమని చెప్దామని ఇద్దరం గోడ దగ్గరికి వెళ్ళాం. ఏమని పిలవాలో తెలియలేదు. ఇన్నాళ్ళలో ఆవిడకి ఒక పేరు కూడా పెట్టలేదు మేం.

ఇప్పుడు గిన్నెలు కడిగితే ఒక్కటే వినిపిస్తుంది. పాడబోయే ముందు గుండెలనిండా ఊపిరి తీసుకుంటారు కదా, అది. తీసుకుని, మళ్ళీ వదిలేస్తుంది. రోజూ అంతే.

ఇంకోటి. అక్టోబర్లో నేను చేసిన మొదటి రికార్డింగ్ వేసి చూశాను. ఎంత బాగుండేది అది. ఇప్పుడు దాంట్లో కూడా గొంతు బొంగురుగానే ఉంది. మధ్యలో దగ్గుతోంది. అమృతకి ఫోన్ చేశాను. తన ఫోన్లో ఉన్నదాంట్లోనూ అంతేనట. నేను చెప్పకముందే డిలీట్ చేసేసిందట.

ధరణి


వాంకూవర్,
1 ఫిబ్రవరి

ధరణీ,

నీకు పిచ్చి లేదు. అలా రాసినందుకు నా మీద కోపం ఉంచుకో, నేనొచ్చాక తీర్చుకుందువు గాని.

ఈ నెల మధ్యలో మహీధర్ నన్ను విమానం ఎక్కిస్తాడు. అల్లుడిని ఎయిర్‌పోర్ట్‌కి రమ్మను. వద్దని రాయకు, రాసేలోపు నేనే వచ్చేస్తాను. ఎవరినీ పిలవొద్దు. వంటింటి పని నాకు వదిలెయ్యండి, మీరిద్దరూ ఆ పక్కకి కూడా రావద్దు. నేను వినలేను కాబట్టి ఆవిడ నాకోసం పాడాల్సిన పని లేదు. కాస్త విశ్రాంతిగా ఉంటుంది.

అత్త


వాంకూవర్,
9 మార్చి

ధరణికి,

క్షేమంగా చేరాను. విమానంలో పక్కన కూర్చున్న అబ్బాయి నాతో చాలాసేపు మాట్లాడాడు, నేను చాలాసేపు తలూపాను. ఏం ఒప్పుకున్నానో తెలియదు.

మీ ఇంట్లో ఉన్న రెండు వారాలూ నాకు బాగుంది. వంశీ మంచివాడే. నాకోసం పెద్ద పెద్ద అక్షరాలతో రాసిన చీటీలన్నీ తెచ్చుకున్నాను. భయపడాల్సిందేదీ ఆ వంటింట్లో నాకు కనబడలేదు. గోడ గోడలానే ఉంది.

వంటింట్లోకి రావద్దని చెప్పాను గాని, నువ్వు వినే రకమా? సాయంత్రం నేను గిన్నెలు కడుగుతుంటే రోజూ ఎడమపక్కన వచ్చి నిలబడ్డావు. దీపం వేయొద్దన్నానని చీకట్లోనే. నా మెడ సంగతి తెలుసుగా, తిప్పి చూడలేను. అయినా తెలుస్తుంది. కడిగిన పళ్ళెం అలా చాపితే నువ్వు అందుకుని, తుడిచి, అరలో పెట్టేదానివి. ఒక్కసారి కూడా చెయ్యి జారలేదు. ఇంత పొందికగా పనిచేస్తావని మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. చివరిరోజు మాత్రం మధ్యలోనే వెళ్ళిపోయావు, పళ్ళెం చాపి కాసేపు అలాగే పట్టుకుని ఉన్నాను.

నీ చేతులెందుకే అంత చల్లగా ఉంటాయి? రక్తం పట్టడం లేదేమో. ఖర్జూరాలు తిను.

అత్త


హామిల్టన్,
27 మార్చి 2025

అత్తయ్యా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నేను వంటింట్లోకి రాలేదు. ఒక్కరోజు కూడా రాలేదు. నువ్వు వద్దన్నావని హాల్లోనే, మెట్ల దగ్గర నిలబడేదాన్ని. పళ్ళేలు తుడిచి అరలో పెట్టి ఉంటే నువ్వే పెట్టావనుకున్నాను.

నీకు తెలియని సంగతి ఇంకోటుంది. పని చేసేటప్పుడు నువ్వు కూనిరాగం తీస్తావు. నీకు వినపడదు కాబట్టి తెలియదు. శ్రుతి ఉండదు, ఎటు పడితే అటు పోతుంది. మొదటి రెండు రోజులు నీ గొంతొక్కటే. మూడోరోజు నీ వెనక ఇంకోటి వినిపించింది. చాలా సన్నగా. నువ్వు తప్పిన చోటల్లా అది పట్టుకుని, మెల్లగా నిన్ను దారిలోకి తెస్తోంది. నువ్వు ఆగితే ఆగేది. ఆవిడ పాడటం లేదు అత్తయ్యా, నీతో కలిసి పని చేసుకుంటోంది. రోజురోజుకీ బొంగురు తగ్గింది. నేను ఎవరికీ చెప్పలేదు. వంశీకి కూడా. ఈసారి చెప్పకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

చివరిరోజు సాయంత్రం వంశీ తొందరగా వచ్చాడు. చప్పుడు చేయకుండా నా వెనక నిలబడ్డాడు. విన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. మీ ఇద్దరి గొంతులూ కలిసి ఆ పైకి వెళ్ళే చోటుకి వచ్చాయి. అప్పుడు వంశీ చెయ్యి జేబులోకి వెళ్ళడం చూశాను. వద్దని తలూపాను. తను కూడా వద్దనే అనుకున్నాడని నమ్ముతున్నాను. కానీ చెయ్యి ఆగలేదు. ఫోన్ తెర వెలిగింది, ఎర్ర చుక్క కనిపించింది.

అంతే, రెండో గొంతు లేదు. ఆగిపోవడం కూడా వినబడలేదు. నువ్వొక్కదానివే శ్రుతి తప్పి పాడుతున్నావు, తడిపళ్ళెం చీకట్లోకి చాపి పట్టుకుని.

వంశీ మెట్ల మీద కూలబడ్డాడు. "మళ్ళీ వినడానికి కాదు ధరణీ. పోతుందేమోనని భయమేసింది" అన్నాడు. తనని తిట్టలేకపోయాను. అప్పటినుంచి రోజూ సాయంత్రం తనే గిన్నెలు కడుగుతున్నాడు. ఊపిరి చప్పుడు కూడా లేదు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే మేం మాట్లాడుకుంటే మాకే వేరేవాళ్ళ గొంతుల్లా వినిపిస్తున్నాయి.

నీ దగ్గరికి రావాలని ఉంది. పరీక్ష అయిపోగానే జూన్‌లో వస్తాను. నీ పక్కన నిలబడి నిజంగా గిన్నెలు తుడుస్తాను. ఒక్క వారం చాలు.

ధరణి


వాంకూవర్,
14 ఏప్రిల్

ధరణీ,

కూర్చునే చదివాను.

ఆవిడ చేతులు పట్టుకున్నానని తెలిసి కూడా నాకు ఒళ్ళు జలదరించలేదు. అదే నన్ను భయపెట్టింది, ఒక్క క్షణం. తర్వాత అది కూడా పోయింది.

పోయిన గురువారం మహీధర్ ఆఫీసు నుంచి ముందే వచ్చాడు. నేను సింక్ దగ్గర ఉన్నాను. ఎంతసేపు నిలబడ్డాడో తెలియదు, భుజం మీద చెయ్యి వేశాడు. బోర్డు మీద రాశాడు, "అమ్మా, ఎవరు పాడుతున్నారు?" నేనేరా, ఇంకెవరు అన్నాను. వాడు నన్ను కాసేపు చూసి దాని కింద రాశాడు, "రెండు గొంతులు." నేను అరచేత్తో బోర్డు తుడిచేశాను. వేళ కాని వేళ వంటింట్లోకి రావద్దని చెప్పాను. వాడు అలిగాడు. అలగనీ. వాడి జీవితంలో నేను వాడికి ఒక తలుపు వేయడం ఇదే మొదలు.

నాకు వినపడదు కాబట్టి నాకు మొహం మొత్తదని నువ్వనుకోవచ్చు. చేతికి కూడా మొహం మొత్తుతుందే. రోజూ ఒకరు పళ్ళెం అందుకుంటుంటే కొన్నాళ్ళకి చూడకుండా విసిరేస్తాం. నా సంగతి నాకు తెలుసు. అందుకే గిన్నెలు మిషన్‌లో వేసేస్తున్నాను. ఇక ఉండలేననిపించినప్పుడే చేత్తో కడుగుతున్నాను. మధ్యలో రోజులు చాలా పొడుగ్గా ఉంటున్నాయి.

జూన్‌లో వస్తానన్నావు. ముఖం మీద చెప్పలేను కాబట్టి రాస్తున్నాను. రావద్దు తల్లీ. ఈ ఏడాది వద్దు. వచ్చే ఏడాది సంగతి అప్పుడు చూద్దాం. నువ్వు మంచిపిల్లవే, వంశీ కూడా మంచివాడే, నాకు తెలుసు. కానీ వస్తే వింటావు. విన్నాక ఇంకొక్కసారి అంటావు. నేను నిన్ను కాదనలేను. నిన్ను చూడాలని నాకు మాత్రం ఉండదా? అయినా వద్దు.

ఈ ఉత్తరం వంశీకి చూపించకు.

నాలుగురోజులు ఓపిక పట్టాను. ఇవాళ వాన లేదు, కిటికీలో కాస్త వెలుగుంది, మహీధర్ రావడానికి ఇంకా టైముంది. సింక్‌లో రెండే పళ్ళేలు ఉంచాను. కడిగి, ఎడమపక్కకి చాపుతాను. అందుకుంటుంది. తిరిగి చూడను.

అత్త